కణశక్తి బోధన పెట్టె: తిరిగే చక్రం అద్భుతం, ఎగిరే స్ప్రింగు అపార్థం

జీవకణం శక్తిని ఎలా నిల్వ చేసుకుంటుందో, అవసరమైనప్పుడు ఎలా విడుదల చేసుకుంటుందో విద్యార్థులు చేతులతో తాకి తెలుసుకోవడానికి ఉద్దేశించిన ఒక బోధన పెట్టెను ఈ విద్యాసంవత్సరం మొదటినుంచీ నా తరగతుల్లో వాడుతున్నాను. పదహారు, పదిహేడేళ్ల పిల్లలకు జీవశాస్త్రం చెప్పడం నా పని. ఈ పాఠం దగ్గరకు వచ్చేసరికి ఏటా ఒకే ఇబ్బంది ఎదురవుతుంది. గ్లూకోజ్‌ను విడగొట్టే గ్లైకాలసిస్‌లోని పది మెట్లనూ, దాని తర్వాత సాగే క్రెబ్స్ వలయంలోని ఆమ్లాల పేర్లనూ పిల్లలు తడుముకోకుండా అప్పజెప్తారు కానీ, “ఇంతకీ శక్తి ఎక్కడుంది?” అని అడిగితే తల వంచుకుంటారు. ఆ ప్రశ్నకు జవాబు దొరుకుతుందన్న ఆశతోనే ఈ పెట్టె తెప్పించుకున్నాను. మూడు తరగతుల్లో ఒక్కో భాగాన్నీ కనీసం నాలుగైదుసార్లు వాడి చూశాకే ఈ సమీక్ష రాస్తున్నాను.

అరచేతిలో పట్టే ఏటీపీ (కణం పనులకు శక్తిని అందించే పదార్థం) అణువు నమూనా, ఈస్టుతో శ్వాసక్రియ ప్రయోగం చేయడానికి కావలసిన పరీక్షనాళికలూ రంగూ, కణంలో ఏటీపీ తయారయ్యే భాగమైన మైటోకాండ్రియా లోపలి పొరలో ఉండే ఏటీపీ సింథేజ్ అనే ఎంజైమును పెద్దది చేసి చూపే తిరుగుడు యంత్రం, మిణుగురు పురుగు ఎంజైముతో వెలుగు పుట్టించే చిన్న సీసాలు ఇందులోని ముఖ్య భాగాలు. వీటికి తోడు నిల్వ పదార్థాల గురించి కొన్ని అట్టముక్కలూ, ఒక కైపుస్తకమూ ఉన్నాయి. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. తిరుగుడు యంత్రం ఒక్కదాని కోసమైనా ఈ పెట్టె కొనవచ్చు. ఏటీపీ నమూనాను మాత్రం సరిదిద్దకుండా పిల్లల చేతికి ఇవ్వకూడదు. ఒకే సంస్థ, ఒకే పెట్టెలో, శక్తి గురించి ఒకచోట ఎంతో సరైన బొమ్మనూ, మరోచోట పూర్తిగా దారి తప్పించే బొమ్మనూ పెట్టింది కాబట్టి కాస్త వివరంగా రాయక తప్పదు.

ఏటీపీ నమూనాను చూడగానే ముచ్చటేస్తుంది. అడెనిన్ భాగం నీలం, రైబోజ్ చక్కెర తెలుపు, మూడు ఫాస్ఫేట్లూ నారింజ రంగు గోళాలు. చివరి గోళాన్ని లోపలికి నొక్కి గడియ పెడితే అడుగున ఉన్న స్ప్రింగు ముడుచుకుంటుంది. గడియ తీస్తే ఆ గోళం టప్పున ఎగిరి జానెడు దూరంలో పడుతుంది. పిల్లలకు ఇది ఎంత నచ్చిందంటే, మొదటి రోజు తరగతిలో సగం సమయం బల్లల కింద గోళాలు వెతుక్కోవడానికే సరిపోయింది. ప్లాస్టిక్ గట్టిది, అంచులు నున్నగా ఉన్నాయి, గడియ ఎన్నిసార్లు తీసి పెట్టినా వదులు కాలేదు. తయారీని వేలెత్తి చూపడానికి ఏమీ లేదు.

చిక్కంతా ఆ బొమ్మ చెప్పే కథలో ఉంది. రెండో రోజు వెనుక వరుసలోని ఒక అమ్మాయి లేచి, “సార్, బంధం తెంచాలంటే శక్తి పెట్టాలని కెమిస్ట్రీ సార్ చెప్పారు. ఇక్కడ తెంచితే శక్తి వస్తోంది. రెండూ ఎలా నిజమవుతాయి సార్?” అని అడిగింది. ఈ పెట్టెను ముందు పెట్టుకుని అడగదగ్గ ప్రశ్నల్లో అంతకన్నా మంచిది నాకు తట్టలేదు. “నువ్వు పట్టుకున్నది సరైన చోటే అమ్మా, తప్పు ఈ బొమ్మదే” అని ఒప్పుకున్నాను.

ఏ రసాయన బంధాన్ని తెంచడానికైనా శక్తి కావాలి. ఏటీపీకి ఇందులో మినహాయింపు లేదు. ఏటీపీ నీటితో కలిసి ఏడీపీగా (రెండు ఫాస్ఫేట్లే మిగిలిన రూపం), విడి ఫాస్ఫేట్‌గా విడిపోయినప్పుడు శక్తి వెలువడుతోందంటే, తెగిన బంధాలకు ఖర్చయిన దానికన్నా కొత్తగా ఏర్పడిన బంధాల వల్లా, కొత్త అమరిక వల్లా వచ్చింది ఎక్కువన్న మాట. ఏటీపీ తోకలో పక్కపక్కనే ఇరుక్కున్న రుణావేశాలు ఒకదాన్నొకటి నెట్టుకుంటూ ఉంటాయి, విడిపోతే ఆ ఒరిపిడి తగ్గుతుంది. విడివడిన ఫాస్ఫేట్‌లో ఎలక్ట్రాన్లు ఆక్సిజన్ పరమాణువుల మీద మరింత సమంగా సర్దుకుంటాయి. నీటి అణువులు కూడా విడి ముక్కల చుట్టూ ఇంకా దగ్గరగా చేరతాయి. ఈ మూడింటిలో మొదటిదాన్ని స్ప్రింగు కొంతవరకు చూపిస్తుందని ఒప్పుకోవాలి. కానీ నీటి ఊసే ఎత్తని ఏటీపీ బొమ్మ, జలవిశ్లేషణ అన్న మాటలోని జలాన్ని వదిలేసినట్టే.

ఇంతకన్నా లోతైన లోపం మరొకటి ఉంది. స్ప్రింగును ఎక్కడ వదిలినా, ఎప్పుడు వదిలినా అంతే బలంతో ఎగురుతుంది. ఏటీపీ అలా కాదు. ప్రామాణిక పరిస్థితుల్లో ఒక మోల్ (అణువుల లెక్కకు రసాయన శాస్త్రంలో వాడే కొలత) ఏటీపీ విడిపోతే పనికి వాడుకోదగ్గ శక్తి 30.5 కిలోజౌళ్లు, సజీవ కణంలో అదే చర్య నుంచి దాదాపు 50 కిలోజౌళ్లు అందుతాయి. అణువు అదే, బంధం అదే, అందే శక్తి మాత్రం వేరు. కణం తనలోని ఏటీపీని ఏడీపీకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ స్థాయిలో నిలబెట్టుకోవడమే ఈ తేడాకు కారణం. ఈ చర్యను దాని మానాన వదిలేస్తే, ఇక మార్పు లేకుండా నిలిచిపోయే సమతాస్థితికి చేరేసరికి ఏటీపీ నామమాత్రంగా కూడా మిగలదు. కణంలోని ఏటీపీ, ఏడీపీల నిష్పత్తి ఆ సమతాస్థితి నిష్పత్తికన్నా సుమారు వెయ్యి కోట్ల రెట్లు ఎక్కువగా ఉండగలదు. కణం దాచుకున్న శక్తి ఆ దూరంలోనే ఉంది. చెరువులో ఎన్ని నీళ్లున్నా, దిగువన కూడా అదే మట్టానికి నీళ్లు నిలిచి ఉంటే తూము తెరిచినా పారవు. సమతాస్థితికి చేరిన ద్రావణంలోని ఏటీపీ పరిస్థితీ అంతే. దానితో ఏ కండరమూ కదలదు.

కైపుస్తకం ఈ సంగతిని ఎక్కడా ప్రస్తావించలేదు. పైగా ‘అధిక శక్తి బంధం’ అన్న మాటను ఎర్రటి అక్షరాల్లో అచ్చువేసింది. ఆ మాటకు పెద్ద చరిత్రే ఉంది. జీవరసాయన శాస్త్రవేత్త ఫ్రిట్జ్ లిప్‌మన్ 1941లో ప్రచురించిన సుదీర్ఘ వ్యాసంలో ఫాస్ఫేట్ బంధాన్ని మామూలు గీతతో కాకుండా మెలికల గీతతో రాశాడు. ఆ వ్యాసం కణశక్తి అధ్యయనానికి ఒక దారి వేసింది, ఆ మెలికల గీత మాత్రం శక్తి అంతా ఆ గీతలోనే కూర్చుని ఉందన్న భ్రమను తరతరాల పాఠ్యపుస్తకాల్లోకి మోసుకొచ్చింది. ఈ పెట్టెలోని స్ప్రింగు ఆ గీతకు ప్లాస్టిక్ రూపం.

చరిత్ర విషయంలోనే కైపుస్తకం చేసిన మరో పొరపాటును తెలుగు పాఠకుడిగా ప్రస్తావించకుండా ఉండలేను. ఏటీపీని 1929లో కార్ల్ లోమాన్ కనుగొన్నాడని రాసి ఊరుకున్నారు. అదే సంవత్సరం హార్వర్డ్ వైద్య పాఠశాలలో సైరస్ ఫిస్కే, మన యల్లాప్రగడ సుబ్బారావు కూడా స్వతంత్రంగా కండరం నుంచి ఏటీపీని వేరుచేశారు. అంతకు రెండేళ్ల ముందు, 1927లో, వారిద్దరే కండరంలో ఫాస్ఫోక్రియాటిన్ అనే శక్తి నిల్వ పదార్థం ఉందని చూపారు. కండరం పని చేసేటప్పుడు అది తరిగిపోవడం, విశ్రాంతిలో మళ్లీ ఏర్పడడం వారి పరిశీలనలోని కీలకాంశం. అప్పటిదాకా కండర సంకోచానికి లాక్టిక్ ఆమ్లమే మూలమని నమ్మేవారు. ఆ నమ్మకాన్ని కదిలించిన పరిశోధనల్లో ముందు వరుసలో ఉన్న పేరు, కణశక్తి మీద తయారైన బోధన పెట్టెలో కనిపించకపోవడం బాధ కలిగించింది.

ఈస్టు ప్రయోగం దగ్గరకు వస్తే మనసు తేలికపడుతుంది. సామగ్రి చాలా సాదా: గ్లూకోజ్ పొట్లం, ఎండు ఈస్టు, మిథిలీన్ బ్లూ ఉన్న చుక్కల సీసా, బిగుతైన మూతలున్న పరీక్షనాళికలు. గ్లూకోజ్ కలిపిన గోరువెచ్చని నీళ్లలో ఈస్టు నానబెట్టి, రెండు మూడు చుక్కల రంగు వేసి, సుమారు 37 డిగ్రీల వేడినీళ్ల గిన్నెలో నాళికను నిలబెట్టాలి. మొదట నాళిక నిండా ఆకాశం రంగు. కొన్ని నిమిషాలకు అడుగు నుంచి రంగు పలచబడడం మొదలవుతుంది; చూస్తూ ఉండగానే ద్రవమంతా ఈస్టు సహజమైన తెల్లని మీగడ రంగుకు తిరుగుతుంది, గాలి తగిలే పైభాగంలో మాత్రం సన్నని నీలిగీత నిలుస్తుంది. అప్పుడు మూత బిగించి గట్టిగా ఊపితే నీలం మళ్లీ నిండుగా వచ్చేస్తుంది. కదపకుండా ఉంచితే మళ్లీ పోతుంది. మరిగించి చంపిన ఈస్టు ఉన్న నాళికలో మాత్రం నీలం అలాగే ఉండిపోతుంది.

ఇందులో జరిగేది కణ శ్వాసక్రియ సారాంశమే. ఆహారం నుంచి ఊడివచ్చిన ఎలక్ట్రాన్లను ఈస్టు కణాలు ఆక్సిజన్‌కు అందించబోతూ, దారిలో ఎదురైన రంగు అణువుకు ఇచ్చేస్తాయి. ఎలక్ట్రాన్లు అందుకున్న మిథిలీన్ బ్లూ రంగు కోల్పోతుంది. ఊపినప్పుడు ద్రవంలోకి చేరిన ఆక్సిజన్ ఆ ఎలక్ట్రాన్లను రంగు నుంచి లాక్కుంటుంది కాబట్టి నీలం తిరిగివస్తుంది. ఎలక్ట్రాన్లు ఒక చేతి నుంచి మరో చేతికి మారుతూ చివరకు ఆక్సిజన్‌ను చేరడమే శ్వాస అన్న సంగతి, మనం గాలి పీల్చి వదలడం కన్నా ఎంత లోపల జరిగేదో పిల్లలకు ఈ నాళికలో కనిపించింది. ఎన్ఏడీహెచ్ అనే వాహకం నుంచి ఆక్సిజన్ దాకా ఎలక్ట్రాన్లు దిగే వాలు 1.14 వోల్టులు, మోల్‌కు లెక్కిస్తే సుమారు 220 కిలోజౌళ్లు. ఈ అంకెలు కైపుస్తకంలో ఉన్నాయి, సరిగ్గానే ఉన్నాయి. ఒక సూచన మాత్రం అందులో తగ్గింది: రంగు ఎక్కువ పడితే ఈస్టుకు అంత రంగునూ పోగొట్టే సత్తువ ఉండదు, ప్రయోగం విఫలమైందని పిల్లలు నిరాశపడతారు. చుక్కలు లెక్కపెట్టి వేయమని ముందే చెప్పాలి.

ఇక తిరుగుడు యంత్రం. ఈ పెట్టెకు నేను ఇచ్చే మంచి మార్కులన్నీ దాదాపు దీనికే చెందుతాయి.

దాని నిర్మాణాన్ని మాటల్లో పెట్టడానికి ప్రయత్నిస్తాను. మైటోకాండ్రియా లోపలి పొరకు గుర్తుగా అడ్డంగా ఒక పలక ఉంటుంది. పలక మీద తొట్టిలో చిన్న ఉక్కు గుండ్లు, అవి ప్రోటాన్లు, అంటే హైడ్రోజన్ అయాన్లు. పలకలో అమర్చిన వలయానికి చుట్టూ గాడులు చెక్కారు. పై తొట్టి నుంచి ఒక్కో గుండు ఒక్కో గాడిలో పడి, ఆ బరువుతో వలయాన్ని కొంత తిప్పి, దాదాపు పూర్తి చుట్టు తిరిగాక అవతలి రంధ్రం గుండా కింది తొట్టిలోకి జారుతుంది. వలయం మధ్య నుంచి కిందికి దిగిన ఇరుసు కొద్దిగా వంకరగా ఉంటుంది. ఆ ఇరుసు చుట్టూ మెత్తని రబ్బరుతో చేసిన మూడు జేబులు. ఇరుసు తిరిగేకొద్దీ దాని వంకర భాగం ఒక్కో జేబునూ వరుసగా నొక్కుతుంది: ఒక జేబు తెరుచుకుని ఉంటుంది, ఒకటి వదులుగా పట్టుకుంటుంది, మరొకటి బిగించి పట్టుకుంటుంది. తెరుచుకున్న జేబులో ఏడీపీ ముక్కనూ ఫాస్ఫేట్ ముక్కనూ వేస్తే, ఇరుసు ముందుకు కదిలి జేబు బిగుసుకున్నప్పుడు రెండు అయస్కాంతాలూ టిక్కుమని అతుక్కుంటాయి. మరో కదలికకు జేబు తెరుచుకుని ఏటీపీ ముక్క కింద పడుతుంది. వలయం ఒక చుట్టు తిరిగితే మూడు ఏటీపీలు.

ఆ ‘టిక్కు’ శబ్దాన్ని విన్న క్షణంలో నాకు కలిగిన సంతోషాన్ని దాచుకోలేను. ఎందుకంటే ఈ ఎంజైము గురించిన అతి సూక్ష్మమైన సత్యం ఆ చిన్న అయస్కాంతంలో ఉంది. ఎంజైము బిగువైన పట్టులో ఏడీపీ, ఫాస్ఫేట్ కలిసి ఏటీపీ కావడానికి పెద్దగా శక్తి అక్కర్లేదు. అలా తయారైన ఏటీపీని ఆ పట్టు నుంచి విడిపించడానికే శక్తి ప్రధానంగా కావాలి. జీవరసాయన శాస్త్రవేత్త పాల్ బోయర్ ఈ మాట అన్నప్పుడు నమ్మినవారు తక్కువ. జాన్ వాకర్ బృందం 1994లో ఈ ఎంజైము నిర్మాణాన్ని వెల్లడించినప్పుడు మూడు జేబులూ మూడు వేర్వేరు స్థితుల్లో కనిపించాయి. 1997లో బోయర్‌కూ వాకర్‌కూ రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ బహుమతిలో మిగిలిన సగం సోడియం, పొటాషియం అయాన్లను కణపొరకు అటూ ఇటూ తోసే ఏటీపీ పంపును కనిపెట్టిన జెన్స్ స్కౌకు దక్కింది. అదే 1997లో జపాన్ శాస్త్రజ్ఞులు ఈ ఎంజైము ఇరుసుకు మెరిసే ఆక్టిన్ అనే ప్రోటీన్ పోగును అతికించి, అది గిరగిరా తిరగడాన్ని సూక్ష్మదర్శినిలో నేరుగా చూశారు. తయారీదారులు ఈ కథను కైపుస్తకంలో నాలుగు పేజీల్లో చక్కగా రాశారు.

యంత్రంలో నన్ను ఇంకా ఆకట్టుకున్నది వెనక్కి తిరగగలగడం. పక్కనున్న పిడిని పట్టుకుని ఇరుసును వ్యతిరేక దిశలో తిప్పితే, ఏటీపీ ముక్కలు జేబుల్లో విడిపోతూ, గుండ్లు కింది తొట్టి నుంచి పై తొట్టిలోకి ఎక్కుతాయి. అసలు ఎంజైము కూడా అంతే; ఏటీపీని ఖర్చుపెట్టి ప్రోటాన్లను ఎదురెక్కించగలదు, 1997లో సూక్ష్మదర్శిని కింద కనిపించిన తిరుగుడు కూడా ఏటీపీ విడిపోతుండగా జరిగినదే. ముందు ప్రశ్న అడిగిన అమ్మాయి ఈ పిడిని అటూ ఇటూ నాలుగుసార్లు తిప్పి చూసి, “అయితే ఆక్సిజన్ అందకపోతే ఇది వెనక్కి తిరిగి ఉన్న ఏటీపీ అంతా తగలేస్తుందా సార్?” అంది. మైటోకాండ్రియాలో సరిగ్గా ఆ ప్రమాదాన్ని ఆపడానికే ఒక చిన్న నిరోధక ప్రోటీన్ ఉంది. లోపలి భాగం ఆమ్లత పెరిగినప్పుడు అది ఎంజైముకు అడ్డంపడి వెనుకకు తిరగనివ్వదు. యంత్రానికి ఒక అడ్డుపుల్ల కూడా ఇచ్చి ఉంటే ఈ ముచ్చట కూడా తీరేది.

అన్నింటికీ మించి, ఈ యంత్రంలో శక్తి ఎక్కడుందో పిల్లలు వేలు పెట్టి చూపించగలరు. పై తొట్టిలో గుండ్లు ఎక్కువ, కింది తొట్టిలో తక్కువ ఉన్నంతసేపే వలయం తిరుగుతుంది. ఒక్కో గుండులోనూ ఏ స్ప్రింగూ లేదు. పై తొట్టి గుండుకూ కింది తొట్టి గుండుకూ ఏ తేడా లేదు. తేడా అంతా మట్టంలో ఉంది. పీటర్ మిచెల్ 1961లో ప్రతిపాదించిన కెమియోస్మాటిక్ సిద్ధాంతం చెప్పింది ఇదే: ఆహారం నుంచి దిగివచ్చే ఎలక్ట్రాన్లు పొర మీదుగా ప్రోటాన్లను అవతలికి నెడతాయి, ఆ ప్రోటాన్లు తిరిగివచ్చే దారిలో ఏటీపీ తయారవుతుంది. శక్తిని మోసే ఏదో ఒక మధ్యంతర రసాయనం కోసం ఏళ్ల తరబడి వెతుకుతున్న శాస్త్రజ్ఞులకు, అలాంటి రసాయనమే అక్కర్లేదని, పొరకు ఇరువైపులా ఉన్న తేడాయే చాలని చెప్పడం అప్పట్లో మింగుడుపడలేదు. 1978లో ఆయనకు నోబెల్ వచ్చింది. ఈ తేడా ఎంత పెద్దదో కైపుస్తకంలో ఒక లెక్క ఉంది, నాకు చాలా నచ్చింది: సుమారు 150 మిల్లీవోల్టులు వినడానికి చిన్నవే అయినా, పొర మందం 5 నానోమీటర్లే కాబట్టి అక్కడి విద్యుత్ క్షేత్రం మీటరుకు 3 కోట్ల వోల్టులు.

యంత్రంలో లోపాలు లేకపోలేదు. వలయానికి 10 గాడులు పెట్టి దాని మీద ‘మానవ కణం’ అని ముద్రించారు. పది ఉపభాగాల వలయం ఈస్టుది. క్షీరదాల్లో అది ఎనిమిదే. చిన్న విషయంలా కనిపించినా లెక్క మారిపోతుంది. ఎనిమిది ప్రోటాన్లకు మూడు ఏటీపీలంటే ఒక్కోదానికి సుమారు 2.7 ప్రోటాన్లు; ఏడీపీనీ ఫాస్ఫేట్‌నూ లోపలికి తెచ్చి ఏటీపీని బయటికి పంపడానికి మరొకటి. ఒక ఎన్ఏడీహెచ్ నుంచి వచ్చే రెండు ఎలక్ట్రాన్లు నెట్టే ప్రోటాన్లు 10. ఈ లెక్కన ఒక ఎన్ఏడీహెచ్‌కు వచ్చేది మూడు ఏటీపీలు కావు, రెండున్నర చిల్లర. మొత్తం గ్లూకోజ్ అణువుకు వచ్చేది కూడా పాత పుస్తకాల్లోని 38 కాకుండా 30 నుంచి 32 దాకా ఉంటుంది. కైపుస్తకం ఇప్పటికీ 38 అనే రాసింది. తమ యంత్రాన్ని తామే తిప్పి లెక్క చూసుకుని ఉంటే ఆ అంకె నిలవదని తయారీదారులకే తెలిసేది. మా తరగతిలో పిల్లలు గుండ్లు లెక్కపెట్టి ఈ తప్పును పట్టుకున్నారు. పాఠంగా అంతకన్నా మంచి గంట ఈ ఏడాది మరొకటి గడవలేదు.

వెలుగు సీసాల గురించి రాసేటప్పుడు మెప్పూ ఫిర్యాదూ రెండూ చెప్పాలి. ఒక సీసాలో మిణుగురు ఎంజైము లూసిఫరేజ్, అది చర్య జరిపే పదార్థమైన లూసిఫెరిన్ పొడిగా ఉంటాయి. దానికి ఇచ్చిన ద్రావణం కలిపి, గది చీకటి చేసి, కళ్లు అలవాటుపడేదాకా ఆగి, ఏటీపీ ద్రావణం చుక్క వేయాలి. వేసిన మరుక్షణం సీసా అడుగున పసుపు కలిసిన పచ్చని వెలుగు విచ్చుకుంటుంది, మెల్లగా తగ్గిపోతుంది. మామూలు నీటి చుక్కకు ఏమీ జరగదు. ఈస్టును మరిగించి, చల్లార్చి, వడగట్టిన నీటిని వేసి చూశాం. పలుచగానే అయినా వెలిగింది. బతికిన కణంలో ఏటీపీ ఉందనడానికి అంతకన్నా కళ్లకు కట్టే రుజువు ఏముంటుంది? మిణుగురు వెలుగుకు ఏటీపీ కావాలని విలియం మెక్‌ఎల్రాయ్ 1947లో చూపాడు. ఏటీపీ ఎంత ఉంటే వెలుగు అంత వస్తుంది కాబట్టి దాన్ని కొలవడానికి ఇప్పటికీ ఈ పద్ధతినే వాడతారు.

అయితే ‘ఏటీపీలోని శక్తి వెలుగుగా మారుతుంది’ అన్న కైపుస్తకం వాక్యం మళ్లీ స్ప్రింగు ఆలోచనే. సుమారు 560 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న వెలుగు కణాలు ఒక మోల్‌కు మోసే శక్తి 210 కిలోజౌళ్లకు పైమాటే. ఏటీపీ నుంచి కణంలో అందేది 50 కిలోజౌళ్లు. యాభైతో రెండువందలు కొనలేం. ఇక్కడ ఏటీపీ చేసే పని లూసిఫెరిన్‌ను చర్యకు సిద్ధం చేయడం; వెలుగుకు కావలసిన అసలు శక్తి లూసిఫెరిన్ ఆక్సిజన్‌తో కలవడం వల్ల వస్తుంది. ఈ వాక్యాన్ని చెరిపేసి, పక్కన ఈ లెక్క రాసి పిల్లలకు ఇచ్చాను.

ఫిర్యాదు నిల్వ గురించి. పెట్టె మీద ‘చల్లని చోట ఉంచండి’ అని మాత్రమే ఉంది. బీరువాలో నీడపట్టున ఉంచిన సీసాల్లో సగానికి సగం రెండో నెలకే వెలగడం మానేశాయి. ఎంజైముల వంటి సున్నితమైన పదార్థాన్ని ఫ్రిజ్‌లోనో, అంతకన్నా చల్లగానో ఉంచాలని స్పష్టంగా అచ్చువేయాల్సింది. సంస్థకు ఉత్తరం రాస్తే కొత్త సీసాలు పంపారు, అందుకు కృతజ్ఞతలు. కానీ గాడుల సంఖ్య, 38 అన్న అంకె, స్ప్రింగు నమూనా గురించి నేను రాసిన మూడు పేరాలకు మాత్రం ‘మీ సూచనలు సంబంధిత విభాగానికి పంపాం’ అన్న ఒక్క వాక్యం వచ్చింది.

నిల్వ పదార్థాల అట్టముక్కలను తొందరగా దాటేస్తాను, అవి దాటదగ్గవే. ఫాస్ఫోక్రియాటిన్ కండరానికి కొన్ని సెకన్ల అండ, గ్లైకోజెన్ దానికన్నా ఎక్కువసేపటి అండ, కొవ్వు దీర్ఘకాలపు నిల్వ అని చెబుతాయి. గ్రాము కొవ్వులో 37 కిలోజౌళ్లు, గ్రాము పిండిపదార్థంలో 17 అన్న పోలిక ఉంది. గ్లైకోజెన్ తనతోపాటు నీటిని కూడా పట్టుకుని ఉంటుందనీ, అందుకే నిజమైన బరువు లెక్కలో కొవ్వుకున్న ఆధిక్యం ఇంకా పెద్దదనీ ఒక అట్ట మీద రాసి ఉంటే ఎంతో బాగుండేది. ఏటీపీ నిల్వ పదార్థం కాదన్న సంగతిని మాత్రం ఒక అట్ట స్పష్టంగా చెప్పింది: శరీరంలో ఏ క్షణాన చూసినా ఉండేది స్వల్పం, రోజంతా విడగొట్టి మళ్లీ తయారుచేసేది దాదాపు మన శరీర బరువంత. ఈ ఒక్క అట్టను గోడకు అతికించాను.

ఈ పెట్టెను ఎవరు కొనాలి అని అడిగితే, ఈ పాఠాన్ని ఒకసారి చదివి, ‘అధిక శక్తి బంధం’ వంటి పదాలు కాక అసలు సంగతి ఏమిటో తెలుసుకోవాలన్న కోరిక ఉన్న విద్యార్థుల తరగతికి ఇది తగింది. అంతకన్నా చిన్న తరగతులకు ఈస్టు ప్రయోగం ఒక్కటి చాలు, దానికి ఇంత పెట్టె అక్కర్లేదు. ఉపాధ్యాయుడు కైపుస్తకాన్ని పక్కన పెట్టుకుని తప్పులు దిద్దుతూ వెళ్లగలిగితేనే దీని విలువ పూర్తిగా దక్కుతుంది. పిల్లల చేతికి ఇచ్చి మీరే చదువుకోండి అంటే స్ప్రింగు గెలుస్తుంది, చక్రం ఓడిపోతుంది.

నేను చేసుకున్న మార్పు ఒకటి చెప్పి ముగిస్తాను. ఏటీపీ నమూనాల్లోని స్ప్రింగులు తీసేసి, గోళాన్ని ఊరకే తగిలించి తీసేలా ఉంచాను. దాని పక్కన రెండు గాజు గొట్టాలను అడుగున రబ్బరు గొట్టంతో కలిపి, మధ్యలో బిగింపు పెట్టి నిలబెట్టాను. ఒకదానిలో రంగునీళ్లు అంచు దాకా, రెండోదానిలో అడుగున కాసిన్నే పోశాం. బిగింపు వదిలితే నీళ్లు పారాయి, రెండు మట్టాలూ ఒకటయ్యాక ఆగిపోయాయి. ఆగిపోయిన గొట్టాలను చూపించి, ఇందులో నీళ్లు తగ్గాయా అని అడిగాను. లేదన్నారు. మరి పారవేం అని అడిగాను. ముందు ప్రశ్న వేసిన అమ్మాయి లేచి యంత్రం దగ్గరకు వెళ్లి, కింది తొట్టిలోని గుండ్లను గుప్పెడు తీసి పై తొట్టిలో పోసింది.